1968 అంబాసిడర్‌కు నైలాన్ టైర్లా, రేడియల్ టైర్లా?

హనుమకొండ మార్క్ 2:
అందరికీ నమస్కారం. మా నాన్న కొన్న 1968 అంబాసిడర్ మార్క్ 2 మళ్ళీ రోడ్డెక్కబోతోంది. డెంటింగ్, పెయింటింగ్ అయిపోయాయి. బ్రేకులు, వైరింగ్ కొత్తగా చేయించాం. ఇక మిగిలింది టైర్లే, ఇంట్లో పంచాయితీ కూడా వాటి దగ్గరే మొదలైంది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఉన్న 5.90-15 (5.90 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల రిమ్) నైలాన్ టైర్లే వేయించాలని మా బాబాయి పట్టు. మెకానిక్ ఏమో "ఈ రోజుల్లో నైలాన్ ఎవరు వేస్తారు సార్, 185/65 రేడియల్ వేసేద్దాం, రేపే తెస్తా" అంటున్నాడు (185 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 65 శాతం గోడ ఎత్తు అన్నమాట). ఈ బండిని షెడ్డులో పెట్టి చూసుకోవాలని లేదు. అప్పుడప్పుడూ రామప్ప, లక్నవరం వైపు వెళ్ళాలి, హైదరాబాద్‌లో పాత కార్ల ప్రదర్శన జరిగితే తీసుకెళ్ళాలి. రెండింటికీ సరిపోయే టైరు ఏదో కారణాలతో సహా చెప్పండి. బాబాయికి చూపించాలి.

కాజీపేట పాతకాలం:
మీ బాబాయి గారి మాటే నాదీ. 1968లో మన దగ్గర అంబాసిడర్‌కు రేడియల్ అన్న మాటే లేదు. ఫ్రాన్స్‌లో మిషెలిన్ వాళ్ళు 1946లో పేటెంట్ తీసుకుని 1949లోనే అమ్మకానికి పెట్టారు గాని, మన దేశంలో కార్ల రేడియల్ 1977లో జేకే టైర్‌తో మొదలైంది. అప్పటిదాకా అంబాసిడరైనా, ఫియట్ అయినా, స్టాండర్డ్ హెరాల్డ్ అయినా నైలాన్ లాంటి క్రాస్ ప్లై (దారాల పొరలు ఒకదానికొకటి అడ్డంగా పరిచే పాత రకం) టైర్ల మీదే తిరిగాయి. మీ బండి పుట్టిన ఉత్తరపారా, డన్‌లప్ వాళ్ళ సాహాగంజ్ టైర్ల ఫ్యాక్టరీ రెండూ ఒకే హుగ్లీ జిల్లాలో ఉన్నాయి. ఆ కారు, ఆ టైరు ఒక కాలం మనుషులు కలిపి ఆలోచించిన వస్తువులు.

అంబాసిడర్ అందం అది నిలబడే తీరులో ఉంది. ఎత్తైన, సన్నటి టైరు, గుండ్రటి భుజాలు, దాని మీద ఆ బరువైన బాడీ. వెడల్పుగా, పొట్టిగా ఉండే 185/65 వేశారనుకోండి, మడ్‌గార్డ్ లోపల ఖాళీ పెరిగి బండి కాళ్ళు కుదించుకున్నట్టు ఉంటుంది. బంపర్‌కు క్రోమ్ చేయించడానికి అంత ఖర్చు పెట్టి టైరు దగ్గర రాజీ పడటం ఎందుకు?

ఇంకోటి. 2021లో వచ్చిన నిబంధన ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్తగా అయితే ఫీజు 20,000 రూపాయలు, నంబర్‌లో వీఏ అక్షరాలు వస్తాయి. బండి అసలు రూపంలో ఉండాలన్నది షరతు. అలా రిజిస్టర్ అయిన బండిని రోజువారీ తిప్పకూడదు కూడా. ఎలాగూ ఎక్కువ తిరగని బండికి రేడియల్ ఎందుకు?

గోదావరిఖని రోడ్డు:
అన్నా, ఆ నిబంధనలో ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చొద్దని ఉంది. టైర్ల పేరే లేదు. పైగా ఆయన వీఏ నంబర్ తీసుకుంటానని ఎక్కడా అనలేదు.

నేను అసలు విషయానికొస్తా. నైలాన్ టైరులో దారాల పొరలు ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఉంటాయి. చక్రం తిరిగే కొద్దీ అవి ఒకదానితో ఒకటి రాసుకుని లోపల వేడి పుడుతుంది. రేడియల్‌లో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకు నేరుగా వెళ్తాయి, ట్రెడ్ (రోడ్డుకు తగిలే భాగం) కింద ఉక్కు బెల్టు వేరుగా ఉంటుంది. టైరు పక్క గోడ దాని పని అది చేసుకుంటుంది, ట్రెడ్ దాని పని అది. అందుకే వేడి తక్కువ, రోడ్డు మీద పట్టు ఎక్కువ. మే నెలలో రామగుండం ఎండ ఎలా ఉంటుందో ఇక్కడ అందరికీ తెలుసు, 45 డిగ్రీలు దాటడం మాకు కొత్త కాదు. ఆ రోడ్డు మీద నైలాన్ టైర్లతో, నలుగురిని ఎక్కించుకుని పోవడం నాకైతే టెన్షనే.

ఇక వాన. 163 నంబర్ హైవే మీద జనగామ దాటాక ముందున్న లారీ సడన్‌గా ఆగితే మీ ఎదురుగా ఉండేది 1968 నాటి ట్రాఫిక్ కాదు. మీ వెనక వచ్చే కారుకు ఏబీఎస్ (సడన్ బ్రేకులో చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉంటుంది, మీకు ఉండదు. కనీసం టైరైనా రోడ్డును పట్టుకోవాలి కదా. చూడటానికి అందంగా ఉందని పట్టు లేని టైరు వేసుకోమని నేను ఎవరికీ చెప్పలేను.

పరకాల టైర్ పని:
మా ఇంట్లో రెండు తరాలుగా ఇదే పని. మీరిద్దరూ నైలాన్, రేడియల్ అని కొట్టుకుంటున్నారు. ఈ రెండిటికంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి సార్: టైరు ఎత్తు, టైరు వయసు.

మొదట ఎత్తు. 5.90-15 టైరు లెక్క వేస్తే మొత్తం ఎత్తు 25.5 అంగుళాల దరిదాపు. 185/65 ఆర్15 ఎత్తు 24.5. చక్రమే ఒక అంగుళం చిన్నదవుతుంది. బండి అర అంగుళం కిందికి దిగుతుంది, స్పీడోమీటర్ 60 చూపిస్తే అసలు వేగం 58. ఇది చిన్న విషయం. పెద్ద విషయం రిమ్. ఆ కాలం అంబాసిడర్ రిమ్ సన్నది. దాని మీద వెడల్పు టైరు ఎక్కిస్తే గోడలు లోపలికి లాక్కుని ట్రెడ్ నడుమ ఉబ్బుతుంది, మధ్యలోనే అరుగుతుంది, పట్టు కూడా తగ్గుతుంది. పవర్ స్టీరింగ్ లేని బండి కాబట్టి ఇరుకు సందులో తిప్పేటప్పుడు చేతులు పడిపోతాయి. మీ మెకానిక్ అది రేపే తెస్తానన్నాడంటే ఇప్పటి కార్లకు నడిచే సైజు కాబట్టి. మీ బండికి సరిపోతుందని కాదు.

రేడియల్ కావాలంటే సరైన సైజు 165 ఆర్15. ఎత్తు దాదాపు నైలాన్ అంతే, గోడ ఎత్తుగా, టైరు సన్నగా ఉంటుంది. ఒకప్పుడు ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు వాడిన సైజు. బయటి దేశాల్లో పాత కార్ల కోసం ఇప్పటికీ చేస్తున్నారు. మనకు తెచ్చుకోవడమే కష్టం. 2020 జూన్ నుంచి కార్ల కొత్త టైర్ల దిగుమతికి లైసెన్స్ కావాలి, ఐఎస్ఐ మార్కు కూడా ఉండాలి. కాబట్టి ముందు మన దగ్గరి డీలర్లందరినీ అడగండి.

ఇప్పుడు వయసు. టైరు గోడ మీద డాట్ అని ఉన్న వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. మూడే అంకెలుంటే 2000కు ముందుది, దాన్ని ముట్టుకోకండి. పాత స్టాకు, ఒక్క కిలోమీటరు తిరగలేదు, పైన నలుపు నిగనిగలాడుతోందని అమ్మేవాళ్ళున్నారు. మొన్న ఒకాయన అలాంటి 5.90-15 జత తెచ్చాడు. ట్రెడ్ గాడిని బొటనవేళ్ళతో విడదీసి చూపించా. అడుగున వెంట్రుక మందాన పగుళ్ళు, వరుసగా, టైరు చుట్టూతా. రిమ్‌కు కూర్చునే అంచు దగ్గర గోరుతో నొక్కితే రబ్బరు చెక్కలా ఉంది, గోరు దిగలేదు. కాలానికి తగిన టైరు అంటే ఆ కాలంలో తయారైన టైరు కాదు సార్. ఆ నమూనాలో ఇప్పుడు తయారైన టైరు. పదేళ్ళు దాటితే ట్రెడ్ ఎంత ఉన్నా తీసేయండి. ఇంగ్లండ్‌లో 2021 నుంచి లారీలు, బస్సుల ముందు చక్రాలకు పదేళ్ళు దాటిన టైరు వాడకూడదని చట్టమే చేశారు.

నా మాట అడిగితే, తాజా తేదీ ఉన్న నైలాన్ దొరికితే మీ వాడకానికి అది చాలు. 60 దాటకుండా నడిపే బండికి పొరలు రాసుకునే వేడి ప్రాణం మీదికి రాదు. గాలి తక్కువైనా, లోడు ఎక్కువైనా మాత్రం వస్తుంది. నైలాన్ లేకపోతే 165. 185/65 మాత్రం వద్దే వద్దు.

గోదావరిఖని రోడ్డు:
ఎత్తు లెక్క ఒప్పుకుంటా అన్నా, 185/65ను నేనూ సమర్థించను. వానలో బ్రేకు మాటకు మాత్రం మీరు జవాబు చెప్పలేదు. 60లో వెళ్ళినా తడి రోడ్డు తడి రోడ్డే.

పరకాల టైర్ పని:
తడి రోడ్డు మీద రేడియల్‌దే పైచేయి, కాదనను. అందుకే వానాకాలంలో హైవే ఎక్కే ఆలోచన ఉంటే 165 కోసం ఆగమంటా. ములుగు రోడ్డు మీద ఆదివారం పొద్దున తిరగడానికైతే నైలాన్‌తో భయం లేదు.

కాజీపేట పాతకాలం:
నైలాన్‌కు ఒక గుణం ఉంది, అది ఎవరూ చెప్పట్లేదు. మలుపులో పట్టు తప్పేటప్పుడు నెమ్మదిగా జారుతుంది, స్టీరింగ్‌లో ముందే తెలుస్తుంది. రేడియల్ ఎక్కువసేపు పట్టుకుని ఒక్కసారిగా వదులుతుంది. ఆ ఎక్కువ పట్టు బలమంతా పడేది ఎక్కడ? 50 ఏళ్ళు దాటిన రిమ్ మీద, ముందు సస్పెన్షన్ మీద. వాటిని చేసినవాళ్ళు నైలాన్‌ను దృష్టిలో పెట్టుకునే చేశారు. పొద్దున్నే బండి తీస్తే మొదటి కొంత దూరం గడగడలాడుతుంది, రాత్రంతా ఒకచోట నిలబడి టైరు అడుగు చదునవుతుంది కాబట్టి. వేడెక్కాక అదే సర్దుకుంటుంది. ఆ బండి నడక అంటే అదే. దాన్ని కూడా దాచుకోవాలని నా కోరిక.

కరీంనగర్ జీపు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, ఇది పాత జీపులున్నవాళ్ళ కోసం. పాత మహీంద్రా జీపులకు 6.00-16 టైరు. మన ఊళ్ళల్లో ట్రాక్టర్ ముందు చక్రానికీ అదే సైజు. చవక, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది, మూడు గీతల ట్రెడ్ చూడటానికి పాతకాలంగా ఉంటుంది. అందుకని కొందరు జీపుకు వేసేస్తున్నారు. దయచేసి వేయకండి. దాని గోడ మీద ఏ6 అనో ఏ8 అనో ఉంటుంది. ఏ6 అంటే గంటకు 30 కిలోమీటర్లు, ఏ8 అంటే 40. దుక్కిలో తిరిగే టైరది. తారు రోడ్డు మీద 60లో పోతే ఏమవుతుందో ఆలోచించండి. మిలిటరీ జీపు రూపం కావాలంటే రోడ్డుకు పనికొచ్చే 6.00-16 లోనే అడ్డ గడ్డల ట్రెడ్ ఉన్నది వెతకండి.

హనుమకొండ మార్క్ 2:
అందరికీ చాలా థ్యాంక్స్. 185/65 మానేశాం, మెకానిక్‌కు చెప్పేశా. ఈ చర్చ చదివి బాబాయి కూడా తేదీ చూడకుండా కొనొద్దన్నాడు. ఇంకో రెండు సందేహాలు. 165 దొరికితే ట్యూబ్‌లెస్‌గా నడపొచ్చా? ప్రదర్శన కోసం తెల్ల రింగులు పెట్టించమని మా చెల్లి అడుగుతోంది, పెట్టించొచ్చా?

కాజీపేట పాతకాలం:
పెళ్ళి కార్లకు పెట్టే ఆ తెల్ల రబ్బరు రింగులు వద్దు తమ్ముడూ. రింగుకు, టైరు గోడకు మధ్య దుమ్ము చేరి రబ్బరును కోసేస్తుంది. మీ మార్క్ 2కు నల్ల టైరే నిండుదనం. చెల్లికి హబ్ క్యాపులు మెరిసేలా తుడిచే పని అప్పజెప్పండి.

పరకాల టైర్ పని:
ట్యూబ్‌లెస్ వద్దు. ఇప్పటి రిమ్ లోపల టైరు అంచును ఆపే చిన్న గట్టు ఉంటుంది, పాత రిమ్‌కు ఉండదు. గాలి తగ్గిన టైరు మలుపులో రిమ్ నుంచి ఊడొచ్చే ప్రమాదముంది. ట్యూబ్ వేయండి, రేడియల్‌కు పనికొచ్చే ట్యూబ్ అని అడిగి తీసుకోండి. వేసే ముందు టైరు లోపల చెయ్యి పెట్టి తడమండి. కాగితం స్టిక్కర్ ఉంటే పీకేయండి, అదే రాసుకుని ట్యూబ్‌కు చిల్లు పెడుతుంది. రిమ్ లోపలి తుప్పు గీకించి, వాల్వ్ రంధ్రం అంచు నున్నగా రుద్దించి, పెయింట్ ఆరాకే ఎక్కించండి.

నైలాన్, రేడియల్ కలిపి మాత్రం వేయకండి. ముందు రేడియల్, వెనక నైలాన్ అన్నది అన్నిటికంటే ప్రమాదం, మలుపులో బండి వెనక భాగం తిరిగిపోతుంది. స్టెప్నీకీ ఇదే వర్తిస్తుంది. డిక్కీలో పాత నైలాన్ ఉంచి నాలుగే రేడియల్స్ కొంటే, దారిలో పంక్చరైన రోజు మీరు కలిపి వేసినట్టే. ఏది కొన్నా అయిదు కొనండి. రేడియల్ అయితే అలైన్‌మెంట్‌లో టో ఇన్ (ముందు చక్రాలు కొంచెం లోపలికి తిరిగి ఉండటం) తగ్గించమని చెప్పండి, గాలి కూడా బండితో వచ్చిన పుస్తకంలో ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ పట్టించండి.

గోదావరిఖని రోడ్డు:
ఆ అయిదూ రేడియల్సే అయితే ఈ జూన్‌లో రామప్ప దాకా మీ వెనకే వస్తా. నైలాన్ వేస్తే మాత్రం వాన లేని రోజు చూసి పిలవండి.