చర్చ: పిల్లకాయల చేత సాలెగూళ్లు పట్టించి పటాలు చేయించొచ్చా?

మంగళం మాస్టరు:
వానలు తగ్గినాక తెల్లారే తోపుల్లోకి పోతే చెట్టుకూ చెట్టుకూ మధ్య చక్రాల్లాంటి సాలెగూళ్లు మంచు పట్టి మెరుస్తుంటాయి. ఆదివారాలు పిల్లల్ని తీసుకెళ్లి వాటితో పటాలు చేయిస్తున్నాను. సాలీణ్ని పుల్లతో మెల్లగా పక్క కొమ్మ మీదికి పంపాలి. మంచు ఆరినాక గూటి మీద ముఖం పౌడరు పలచగా చల్లి, వెనక నుంచి నల్ల అట్ట నిటారుగా ఆనించి, చుట్టూ ఆధారంగా ఉన్న దారాలు కత్తెరతో తెంపితే గూడు అట్టకు అతుక్కుంటుంది. పైన హెయిర్‌ స్ప్రే కొడితే నిలుస్తుంది. మధ్యలో గుణకారం గుర్తులా తెల్లటి వంకర పట్టీలున్న గూడు దొరికిందంటే పిల్లల సంతోషం చూడాలి. ఇది హింస అని ఒక తల్లి గొడవపడ్డారు. మీరేమంటారు?

పీలేరు పద్మ:
శ్రీకాళహస్తి పక్కన ఉండి ఇది అడగాలా మాస్టారూ? సాలెపురుగు శివయ్యకు గూడుతో గుడి కట్టిన ఊరది.

మంగళం మాస్టరు:
ఆ గూటిని దీపంతో కాల్చి పరీక్ష పెట్టింది శివుడే కదమ్మా. నేను చల్లేది పౌడరే. పైగా చక్రపు గూళ్లు అల్లేవాటిలో చాలా రకాలు పాత గూటిని తామే తినేసి కొత్తది అల్లుకుంటాయి.

పీలేరు పద్మ:
పాతది తింటేనే కొత్తదానికి సరుకు. అది మీ అట్ట మీద ఉంటే ఏం తింటుంది?

మంగళం మాస్టరు:
మడగాస్కర్‌లో 12 లక్షల సాలీళ్ల నుంచి బంగారు రంగు పట్టు తీసి అంగీ నేశారు. 2012లో లండన్‌ మ్యూజియంలో పెట్టారు. దారం తీశాక సాలీళ్లను వదిలేశారు. మరి మీరు కట్టే పట్టుచీరకు పురుగుల్ని ఉడకబెడతారు!

పీలేరు పద్మ:
నా చీర జోలికెందుకు? గూడు పట్టుకుపోతే దానికి నష్టమా, కాదా? ఒక్క మాట చెప్పండి.

కుప్పం సుబ్బు:
అన్ని గూళ్లూ ఒకటి కాదు సార్. మా దిక్కు ముళ్ల చెట్ల మీద గుంపుగా కాపరముండే సాలీళ్లు ఉండాయి. వాటిమీద పరిశోధన చేసేదానికి బయటి దేశాలోళ్లు కూడా వచ్చినారు. ఎండుటాకులు కలిపి అల్లిన ఆ గూటిని పీకితే వందలాది పురుగుల కొంప కూలినట్టే.

మంగళం మాస్టరు:
వాటిని మేం ముట్టం.

వేలూరు రోడ్డు వెంకీ:
పట్టుచీర దగ్గరే మాస్టారు గెలిచేశారు 😀

తోతాపురి రైతు:
ఇందాకట్నించి చూస్తా ఉండా. తినేది, అల్లేది అంతా సరే. పోయిన నెల ఒక బడి వాళ్లు ఇదే పని మీద మా మామిడి తోపులోకి వచ్చి గేటు తెరిచిపెట్టి పోయినారు. మేకలు దూరి, కొత్తగా నాటిన అంట్లను మొదలంటా కొరికేసినాయి. అడిగితే సాలెగూటికి కూడా పర్మిషనా అని నవ్వినారు.

మంగళం మాస్టరు:
వచ్చింది మేం కాదు. అయినా తోపు మీదే గానీ, సాలీడు మీది కాదు కదా?

తోతాపురి రైతు:
నాది కాదా? పూతకు పట్టే తేనెమంచు పురుగుల్ని అది పట్టి తింటాది. నాకు కూలి అడగకుండా పనిచేసే పురుగు సార్ అది. ఇంతకీ పిల్లకాయకు ఎంత వసూలు చేస్తా ఉండారు?

మంగళం మాస్టరు:
అది ఈ చర్చకు సంబంధం లేదు.

పీలేరు పద్మ:
ఓహో! ఫీజు కూడా ఉందా!

మంగళం మాస్టరు:
ఆటో ఛార్జీలు ఎవరిస్తారమ్మా? శేషాచలం అడవిలోకి పోదామంటే అది నేషనల్‌ పార్కు, ఆకు తెంపినా కేసు. ఊళ్లో ఖాళీ జాగా కనిపిస్తే ప్లాట్ల రాళ్లే. అపార్ట్‌మెంట్లో పుట్టిన పిల్లలకు పురుగును ఎక్కడ చూపించాలి? కంచె లేని చోటు ఒక్కటి చెప్పండి, అక్కడికే పోతాను.

తోతాపురి రైతు:
చూపించండి, ఎవరొద్దన్నారు? ముందు ఫోన్‌ చేసి రండి, పోయేటప్పుడు గేటు వేసి పోండి. తోపు నాది, పురుగు చేసే పని నా పంటకు, దుడ్లేమో మీకు. అదీ నా కడుపుమంట.

వేలూరు రోడ్డు వెంకీ:
ఇంట్లో బూజుతో పటం వస్తుందా మాస్టారూ? మా ఇంట్లో బోలెడుంది.

మంగళం మాస్టరు:
రాదు. దుమ్ము పట్టి ముద్దయిపోతుంది.

తోతాపురి రైతు:
ఫీజు మాట చెప్పలే సార్.