4వ తరగతికి విద్యుత్ వలయం పాఠం: 40 నిమిషాల్లో 36 మంది చేతా చేయించడం ఎలా?

ట్రైనీ_టీచర్ (ప్రశ్న)

నమస్కారం. ఉపాధ్యాయ శిక్షణలో భాగంగా 4వ తరగతికి విద్యుత్ వలయం పాఠం చెప్పాలి. పిల్లలు 36 మంది, పీరియడు 40 నిమిషాలు. ల్యాబ్ లేదు, మామూలు బెంచీలే. నేను చేసి చూపించడం కాకుండా, ప్రతి ఒక్కరూ సొంత చేతులతో వెలిగించాలన్నది ఉద్దేశం.

ప్రస్తుతానికి ప్లాన్ ఇది: ఆరుగురేసి చొప్పున 6 గ్రూపులు. గ్రూపుకి 1.5 వోల్టుల సెల్లులు రెండు, ఎల్‌ఈడీ ఒకటి, వైర్లు, స్విచ్చి. మొదటి 15 నిమిషాలు వలయం అంటే ఏమిటో చెప్పి, బోర్డు మీద బొమ్మ గీసి, ఆ బొమ్మ ప్రకారం కట్టించడం.

ఈ ప్లాన్ నిలబడుతుందా? వెలగని గ్రూపుల దగ్గర ఏం చూడాలి? ఇందులోనే ఇంజనీరింగు, లెక్కలు కూడా కనిపించాలంటున్నారు. అవి ఎక్కడ కలపాలి?

సైన్సు_బోధన

ముందుగా ఒక మార్పు: బోర్డు మీద బొమ్మ గీయకండి. గీసి ఉన్న బొమ్మను చూసి కట్టేటప్పుడు పిల్లలు చేసేది అనుకరణే. వలయం ఎందుకు పూర్తవ్వాలో వాళ్లకు తట్టే సందు ఉండదు.

పిల్లలను ఇద్దరేసి జంటలుగా కూర్చోబెట్టి, జంటకి ఒక సెల్లు, ఒక టార్చి బల్బు, ఒకే ఒక్క వైరు ఇవ్వండి. హోల్డరు వద్దు, స్విచ్చి వద్దు. ‘ఈ మూడింటితోనే బల్బు వెలగాలి. ఎలా పెడితే వెలుగుతుందో ముందు నోటుబుక్కులో గీయండి’ అని 4 నిమిషాలు సమయం ఇవ్వండి. అందరూ గీసేదాకా సెల్లులు మీ దగ్గరే ఉండాలి. చాలామంది సెల్లు పైకొన నుంచి బల్బు అడుక్కి ఒక వైరు గీసి ఊరుకుంటారు. గొట్టంలోంచి నీళ్లు వచ్చినట్టు సెల్లులోంచి కరెంటు వచ్చి బల్బులో పడుతుందని వాళ్ల ఊహ. కొందరు రెండు కొనల నుంచీ కరెంటు వచ్చి బల్బులో ఢీకొంటుందని అనుకుంటారు. తప్పని చెప్పకండి, చెరిపించకండి. తర్వాత వేరే రంగు పెన్నుతో పక్కనే మళ్లీ గీయిస్తే, రెండు బొమ్మల మధ్య తేడాలోనే వాళ్లు ఏం నేర్చుకున్నారో తెలుస్తుంది.

వెలిగే పద్ధతులు సరిగ్గా 4. బల్బు అడుగున ఉండే బొడిపె గానీ, పక్కనున్న లోహపు తొడుగు గానీ సెల్లుకి ఆనాలి. అది ప్లస్ వైపైనా కావచ్చు, మైనస్ వైపైనా కావచ్చు. రెండో భాగం నుంచి సెల్లు రెండో కొనకి వైరు పోవాలి. ఒక పద్ధతి దొరికిన జంటకు ‘ఇంకా మూడున్నాయి’ అని చెబితే చాలు, త్వరగా ముగించినవాళ్లకు వేరే పని వెతకక్కర్లేదు. సెల్లుని తిప్పినా బల్బు వెలుగుతుందన్నది ఆ పిల్లలే కనిపెడతారు.

ఈ కారణంగానే మొదటి పాఠానికి ఎల్‌ఈడీ వద్దంటాను. అది ఒక దిశలోనే వెలుగుతుంది, పొడవు కాలు ప్లస్ వైపు ఉండాలి. వెలగనప్పుడు వలయం తెగిందా, కాళ్లు తారుమారయ్యాయా అన్నది పిల్లలకు తేలదు. పైగా ఒక్క 1.5 వోల్టుల సెల్లుతో ఎర్ర ఎల్‌ఈడీ కూడా వెలగదు, దానికి సుమారు 1.8 నుంచి 2 వోల్టులు కావాలి. తెల్లదానికీ నీలిదానికీ 3 దాకా అవసరం. రెండో పాఠంలో రెండు సెల్లులతో వాడండి. ఎర్రదానికి మాత్రం 68 గానీ 100 గానీ ఓమ్‌ల రెసిస్టరు వరుసలో పెట్టాలి. అది లేకపోతే కరెంటు హద్దు మీరి ఎల్‌ఈడీ మాడిపోవచ్చు.

వెలగని జంట దగ్గర ఈ వరుసలో చూడండి. మొదట, వైరు రెండు కొనలా ప్లాస్టిక్ తొడుగు ఒలిచి ఉందా? 1.5 సెంటీమీటర్ల రాగి కనిపించాలి. వార్నిష్ పూసిన మోటారు తీగ అయితే కంటికి రాగిలాగే ఉంటుంది గానీ గరుకు కాగితంతో గీకితే తప్ప కరెంటు పోదు. తర్వాత, వైరు గాజుకి ఆనిందా, లోహపు తొడుగుకా? ఆ తర్వాత బల్బు మీద అచ్చయిన వోల్టులు. 1.5 అయితే మేలు. 2.5ది మసగ్గా వెలుగుతుంది, 6ది వెలుగుతున్నా కంటికి ఆనదు. చివరికి మాత్రమే సెల్లు మార్చండి. పిల్లలు ముందుగా అనుమానించేది సెల్లునే, అందుకే దాన్ని ఆఖరున పెట్టాలి.

బడి_సామాను

పై జవాబుతో ఏకీభవిస్తూ, సామాను సంగతి చెబుతాను. మంచి ప్రయోగాలు ఎక్కువగా దెబ్బతినేది పంచడం దగ్గరే.

ఆరుగురికి ఒక సెట్టు ఇస్తే ఇద్దరు చేస్తారు, నలుగురు చూస్తారు. ఇది జంటల పని. 36 మందికి 18 సెట్లు, అదనంగా 4 బల్బులు, 3 సెల్లులు, కొన్ని వైరు ముక్కలు. వైరు 15 సెంటీమీటర్లు సరిపోతుంది, మరీ పొడవైతే చిక్కులు పడుతుంది. పలచని వైరులో ఒంటి తీగ కన్నా పోగుల వైరు మెత్తగా వంగుతుంది గానీ పోగులు విడిపోతాయి. ఒలిచిన కొనను ముందే మెలిపెట్టి ఉంచండి.

ముందురోజే ప్రతి బల్బునీ ప్రతి సెల్లుతో కాకపోయినా, ఒక మంచి సెల్లుతో ఆనించి చూడండి. ప్రతి సెల్లునీ ఒక మంచి బల్బుతో చూడండి. 18 సెట్లూ 18 చిన్న సంచుల్లో, నంబర్లు వేసి పెట్టండి. సెల్లులు మాత్రం విడిగా ఉంచి, సూచనలన్నీ అయ్యాకే ఇవ్వండి. చేతిలో వస్తువు పడ్డాక ఆ వయసు పిల్లలు మాట వినరు, అది అల్లరి కాదు, ఆసక్తి. చివర్లో సంచీలు తిరిగి తీసుకునేటప్పుడు సెల్లులు లెక్కపెట్టండి.

సమయం ఇలా పంచుకోండి: గీయడానికి 4, సెల్లులు పంచడానికి 2, చేయడానికి 14, మాట్లాడుకోవడానికి 12, సర్దడానికి 3. మిగతా 5 నిమిషాలూ ఖాళీగా వదిలేయండి, ఎక్కడో ఒకచోట అవసరం పడుతుంది. మాట్లాడుకునే 12లో కోత పెట్టకండి. ‘వలయం’ అనే మాట కూడా అప్పుడే రావాలి, అప్పటికి ఆ మాటకు అర్థం వాళ్ల వేళ్లకు తెలిసి ఉంటుంది.

భద్రత విషయంలో రాజీ లేదు. సెల్లు రెండు కొనలనూ నేరుగా వైరుతో కలిపితే అది షార్ట్ సర్క్యూట్. వైరు, సెల్లు రెండూ వేడెక్కుతాయి. ‘వేడి తగిలితే వెంటనే వదిలేయండి’ అని ముందే చెప్పండి. ఈ పాఠానికి మామూలు జింక్-కార్బన్ సెల్లులే మంచివి. రీచార్జి సెల్లుల లోపలి నిరోధం చాలా తక్కువ కాబట్టి షార్ట్ అయినప్పుడు ఎక్కువ కరెంటు పారి చురుక్కుమనేంత వేడి పుడుతుంది. బటన్ సెల్లులు తరగతిలోకి తేనే వద్దు. మింగితే 2 గంటల్లోనే అన్నవాహికను తీవ్రంగా కాల్చేయగలవు. గోడ ప్లగ్గు జోలికి ఎప్పుడూ పోకూడదని పాఠం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చెప్పండి. సెల్లుతో ధైర్యం వచ్చిన పిల్లలు దాన్నీ ప్రయత్నించాలనుకుంటారు.

ట్రైనీ_టీచర్

ఇద్దరికీ ధన్యవాదాలు. జంటలుగా, బల్బులతోనే చేస్తాను. మరి ఇంజనీరింగు, లెక్కలు? చివర్లో స్విచ్చి తయారు చేయిస్తే సరిపోతుందా?

లెక్కలూ_నిర్మాణాలూ

అదే పీరియడులో ఇరికించకండి. బల్బు పాఠం ‘ఎందుకు’ అనే ప్రశ్నది, ఇంజనీరింగు ‘ఇంకా మెరుగ్గా ఎలా’ అనే ప్రశ్నది. రెండూ 40 నిమిషాల్లో పట్టవు. ఇంకో పీరియడు అడిగి కాగితం వంతెన చేయించండి, ఖర్చు దాదాపు లేదు.

20 సెంటీమీటర్ల ఎడంలో రెండు పుస్తకాల దొంతరలు. ఒకే ఒక ఎ4 కాగితం, జిగురు లేదు. దాని మీద ఒకే రకం నాణేలు ఒక్కొక్కటిగా పెట్టి ఎన్ని నిలిచాయో లెక్కపెట్టాలి. మడత లేని కాగితం ఒకట్రెండు నాణేలకే కుంగుతుంది. 1 సెంటీమీటరు వెడల్పున విసనకర్ర మడతలు పెడితే పదుల కొద్దీ నాణేలు మోయగలదు. ఎందుకంటే, నిలువుగా నిలబడిన కాగితం వంగడానికి ఒప్పుకోదు. మడతలు వంతెన పొడవునా సాగాలి. అడ్డంగా పెట్టినవాళ్లది వెంటనే కూలుతుంది, అది తరగతి అంతా చూడవలసిన ఫలితం.

సాధారణంగా జరిగేది మరొకటి: మడతలు బరువుకి పక్కలకు పరుచుకుని కాగితం మళ్లీ చదునవుతుంది. అంటే కాగితం చిరగలేదు, ఆకారం పోయింది. ‘ఎక్కడ మొదలైంది?’ అని అడగండి. రెండో విడతలో 10 సెంటీమీటర్ల టేపు ఇవ్వండి. దాన్ని ఎక్కడ వాడాలో తేల్చుకోవడమే అసలు ఇంజనీరింగు. కొనల దగ్గర మడతలు విచ్చుకోకుండా కట్టిన జంటలు ముందుకు పోతాయి. కట్టడానికి 8 నిమిషాలు, పరీక్షకు 4, మళ్లీ కట్టడానికి 8. ఆ రెండో విడత లేకపోతే అది చేతిపనుల పీరియడే అవుతుంది. పోటీగా మాత్రం మార్చకండి. ఎవరు గెలిచారన్నది పక్కన పెట్టి, మొదటి విడత కన్నా రెండోదానిలో ఎన్ని నాణేలు ఎక్కువ నిలిచాయో ప్రతి జంటా తీసివేతతో చెప్పాలి.

లెక్కలు అక్కడే వస్తాయి. ఒకే వంతెనను 3 సార్లు పరీక్షిస్తే 3 వేర్వేరు సంఖ్యలొస్తాయి. పెద్దదాన్ని రాసుకుంటామంటారు. మూడింటినీ వరుసగా పేర్చి మధ్యదాన్ని తీసుకోవడం 4వ తరగతికి అందుతుంది, సగటు కన్నా తేలిక. ఒక ముఖ్యమైన నియమం: నాణేలన్నీ నడిమధ్యనే పెట్టాలి. ఒక జంట మధ్యలో, ఇంకో జంట అంచు దగ్గర పెడితే పోల్చడానికి ఏమీ మిగలదు.

సైన్సు_బోధన

మూల్యాంకనం గురించి మీరు అడగలేదు గానీ, పరిశీలకులు తప్పకుండా అడుగుతారు. బల్బు పాఠం చివర 3 నిమిషాల్లో చిన్న చీటీ మీద 4 బొమ్మలివ్వండి. ఒకటి, సరిగ్గా వెలిగేది. రెండు, వైరు గాజుకి తగిలేది. మూడు, బల్బు బొడిపె, తొడుగు రెండూ సెల్లు ఒకే కొనకి కలిసినది. నాలుగు, షార్ట్ సర్క్యూట్, బల్బు పక్కన ఊరికే ఉంటుంది. ఏది వెలుగుతుందో టిక్ పెట్టి, వెలగనివాటిలో ఒకదానికి కారణం ఒక వాక్యంలో రాయాలి.

మూడో బొమ్మకి టిక్ పెట్టినవాళ్లు బల్బులో రెండు చోట్ల తగలాలన్నది పట్టుకున్నారు గానీ, సెల్లు విషయంలోనూ రెండు కొనలు కావాలన్నది ఇంకా పట్టలేదు. వాళ్లను లెక్కించి పెట్టుకోండి, తర్వాతి పాఠం వాళ్లతోనే మొదలవ్వాలి. వాళ్ల చేతికి మళ్లీ సెల్లు, బల్బు ఇచ్చి ఆ మూడో బొమ్మనే కట్టి చూడమనండి.