టెక్‌టైట్ మీద ఉన్నవి సొట్టలా, గుంటలా?

హైదరాబాద్‌లో పిల్లల విజ్ఞాన ప్రదర్శన ఒకదానికి తెలుగు వివరణలు రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. థాయిలాండ్‌లో దొరికిన టెక్‌టైట్ ఒకటి, అంటే ఉల్క ఢీకొన్నప్పుడు కరిగి ఎగిరిన నేల గడ్డకట్టగా ఏర్పడిన గాజు, నా బల్ల మీద ఉంది. బొటనవేలంత నల్లటి గాజు రాయి. ఒక కొస లావు, రెండో కొస సన్నం, అచ్చం జారబోయే నీటిబొట్టులా ఉంటుంది. పల్చటి అంచును దీపానికి ఎదురుగా పట్టుకుంటే తేనె రంగు తేలుతుంది. ఒళ్లంతా మినపగింజ పట్టేంత గుంటలు. గోరు పెట్టి లాగితే ఒక్కోచోట తగులుకుంటుంది. వీటిని ‘సొట్టలు’ అని రాశాను. ఇప్పుడు కొట్టివేయాలనిపిస్తోంది.

బిందె కింద పడితే సొట్ట పడుతుంది. ఇత్తడి లోపలికి వంగుతుందే కాని ఎక్కడికీ పోదు. ఇక్కడ గాజే పోయింది. సుమారు 7.9 లక్షల ఏళ్ల కిందట భారీ ఉల్క ఢీకొన్నప్పుడు నేల కరిగి, చినుకులై ఎగిరి, గిరగిర తిరుగుతూ గడ్డకట్టింది. పూస, బొట్టు, నడుము సన్నగిల్లిన ఢమరుకం, ఈ ఆకారాలన్నీ ఆ ప్రయాణంలోనివే. గుంటలు మాత్రం చాలావరకు తర్వాతివి. మట్టిలోని తేమ, ఆమ్లాలు గాజును మెల్లగా తినేశాయి.

ఈ మాట విన్న ఒకరి జవాబు: సొట్ట బుగ్గలు అంటాం కదండీ, అక్కడ ఏ దెబ్బ తగిలింది? చూడగానే తోచే మాట పిల్లలకు చాలదా?

నిజమేనండీ, దెబ్బ లేకుండానూ సొట్ట ఉంటుంది. అయినా అది నున్నగా లోపలికి దిగిన చోటు. చెక్ దేశంలో దొరికే ఆకుపచ్చ టెక్‌టైట్, మోల్డవైట్‌ను చూడండి. ఉల్క ఢీకొని జర్మనీలోని రీస్ బిలం అనే పెద్ద గొయ్యి పుట్టినప్పుడు, సుమారు 1.48 కోట్ల ఏళ్ల కిందట, ఎగిరివచ్చిన గాజు అది. దాని మీద లోతైన గాడులు, పదునైన గట్లు. వాటిని సొట్టలంటే పిల్లవాడు వేలితో తడిమి మన మాటను నమ్మడు.

ఆస్ట్రేలియాలో దొరికే కొన్ని టెక్‌టైట్లు గుండీల్లా ఉంటాయి. అవి వాతావరణంలోకి తిరిగి దూసుకొచ్చేటప్పుడు ముందువైపు మళ్లీ కరిగి, ఆ గాజు చుట్టూ గట్టు కట్టింది. దానికి ‘అంచు’ చాలదు, ‘గట్టు’ అనే రాస్తాను. నా బల్ల మీది దానికి ‘తొలిచిన గుంటలు’ అని రాశాను. పురుగు తొలిచిన వంకాయను చూడని పిల్లలు ఉండరు కదా.