చర్చి ఉద్యోగులకు నిరుద్యోగ భృతి: అమెరికాలో మినహాయింపు ఉంచాలా, ఎత్తేయాలా?

జెర్సీ_వదిన:
చర్చిలో ఉద్యోగం పోతే నిరుద్యోగ భృతి రాదని 2020 దాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా చెల్లెలు ఒక చర్చి నడిపే ప్రీస్కూల్లో టీచరు. కరోనాకి స్కూలు మూసేశారు. భృతికి అప్లై చేస్తే జీతం రికార్డు సున్నా అని వచ్చింది. చేతిలో డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్ను చూపించే ఫారం) ఉంది, అయినా సున్నా! యజమానులు పన్ను కట్టే నిరుద్యోగ బీమా నుంచి చర్చిలకి మినహాయింపు ఉంది. ఆ చర్చి ఈ బీమాలో లేదు కాబట్టి రాష్ట్రం దగ్గర ఆమె లెక్కే లేదన్నమాట. కరోనా సాయానికి తెచ్చిన కేర్స్ చట్టంలో పీయూఏ అనే తాత్కాలిక భృతి పెట్టి, మామూలు భృతి రానివాళ్లకీ ఇచ్చారు కాబట్టి గట్టెక్కింది. జూలై ఆఖరు దాకా వారానికి అదనంగా 600 డాలర్లు కూడా వచ్చాయి. ఆ పీయూఏ 2021 సెప్టెంబరుతో అయిపోయింది. మళ్లీ మాంద్యం వస్తే ఏంటి గతి? మినహాయింపు ఎత్తేయాలంటాను.

పాస్టరుగారబ్బాయి:
అక్కా, బాధ అర్థమైంది కానీ ఆ మినహాయింపు ఊరికే పెట్టలేదు. భృతి ఇవ్వాలా వద్దా తేల్చడానికి ఉద్యోగం ఎందుకు పోయిందో అధికారి అడుగుతాడు. "బైబిల్ వాక్యానికి విరుద్ధంగా నడిచాడు, తీసేశాం" అని సంఘం చెబితే, అది తప్పో కాదో తేల్చడానికి ఆయనెవరు? క్యాథలిక్ చారిటీస్ అనే చర్చి సేవాసంస్థకి విస్కాన్సిన్ రాష్ట్రం ఈ మినహాయింపు ఇవ్వనంది. ఆ కేసులో 2025 జూన్‌లో సుప్రీంకోర్టు 9-0తో తీర్పిచ్చింది. మతప్రచారం చేయట్లేదు, సాయం మీ మతంవాళ్లకే పరిమితం చేయట్లేదు అనే కారణంతో మినహాయింపు నిరాకరించడం మతాల మధ్య వివక్షేనంది.

లెక్కల_మాస్టారు:
తమ్ముడూ, ఆ కేసులోనే ఇంకో సంగతి ఉంది. విస్కాన్సిన్ బిషప్పులకు 1986 నుంచి సొంత నిరుద్యోగ నిధి ఉంది. క్యాథలిక్ చారిటీస్ రాష్ట్ర పథకం వదిలి అందులోకి వెళ్తామంది, ఉద్యోగుల్ని గాలికొదిలేస్తామనలేదు. అద్దె హాల్లో ఆరాధన పెట్టుకునే చిన్న స్వతంత్ర సంఘానికి అలాంటి నిధి ఎక్కడుంటుంది? పైగా మీరు చెప్పిన చిక్కు ప్రవర్తన మీద గొడవైతేనే. కానుకలు తగ్గి, జీతం ఇవ్వలేక క్లీనింగ్ మనిషిని మానిపిస్తే అందులో సిద్ధాంతం ఏముంది? మాంద్యంలో పోయేవి ఎక్కువ ఇలాంటి ఉద్యోగాలే.

ట్రెజరర్_డాలస్:
చెప్పడం తేలికే మాస్టారూ, చెక్కు మీద సంతకం పెట్టేది నేను. లాభాపేక్ష లేని సంస్థలకి ఒక వెసులుబాటు ఉంది, నిజమే. పన్ను కట్టక్కర్లేదు, ఎవరైనా క్లెయిమ్ చేస్తే ఆ సొమ్ము రాష్ట్రానికి తిరిగి కడితే చాలు. కానీ 2020లో అలాంటి సంస్థలకి ఒక్కసారిగా బిల్లులొచ్చి పడ్డాయి. మొదట సగం, తర్వాత 75 శాతం కేంద్రం భరించాల్సి వచ్చింది. మాలాంటి సంఘమైతే మూసుకోవాల్సిందే. మేము పీపీపీ లోన్ (కరోనాలో జీతాలు ఆగకుండా ప్రభుత్వం ఇప్పించిన అప్పు) తీసుకుని జీతాలు ఆపకుండా ఇచ్చాం, అది మాఫీ అయింది. ఆ దారి చాలదా?

జెర్సీ_వదిన:
పీపీపీ డబ్బు తీసుకునేటప్పుడు ప్రభుత్వం జోక్యం గుర్తురాలేదేం అన్నయ్యా? పీపీపీ కూడా ఆ సంక్షోభానికే పుట్టి, దాంతోనే పోయింది. చాలా రాష్ట్రాల్లో చర్చి ఇష్టపడితే ఇప్పుడైనా బీమాలో చేరొచ్చు. చేరకపోతే పోనీ, ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడే "ఇక్కడ నిరుద్యోగ భృతి వర్తించదు" అని ఆఫర్ లెటర్లో ఒక్క లైను రాయడానికేం?

గుంటూరోడు:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. 2020 మేలో ఆంధ్రాలో అర్చకులు, ఇమాములు, పాస్టర్లకి ఒకసారి 5,000 రూపాయలిచ్చారు. చర్చి వాచ్‌మన్ ఊసు అక్కడా ఎవరూ ఎత్తలేదు.

పాస్టరుగారబ్బాయి:
ఆ లైను రాయాలన్న మాటకి నేనూ సరే. చట్టంతో బలవంతంగా చేర్చడానికి మాత్రం ఒప్పుకోను.

ట్రెజరర్_డాలస్:
వదినగారూ, ఆ లైను వచ్చే కమిటీ మీటింగులో పెడతా. చేరడానికి ఏడాదికెంతవుతుందో కూడా లెక్క అడుగుతారు, మాస్టారు కాస్త సాయం చేయాలి.