గిర్నిలో పట్టించిన జొన్నపిండిలో గోధుమపిండి కలవకుండా ఎలా చూసుకోవాలి?

నమస్కారం. మేము జడ్చర్లలో ఉంటాము. మా అమ్మాయికి సీలియాక్ వ్యాధి (గోధుమల వంటివి తింటే చిన్నపేగు దెబ్బతినే జబ్బు) ఉన్నట్లు రక్తపరీక్షలోనూ, ఎండోస్కోపీ ద్వారా తీసిన చిన్నపేగు ముక్క పరీక్షలోనూ తేలడంతో, గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్‌ను జీవితాంతం పూర్తిగా మానేయాలని వైద్యులు చెప్పారు. చపాతీ, ఉప్మా, సేమ్యా మానడం పెద్ద కష్టం కాలేదు. జొన్నరొట్టె, సర్వపిండి తినే ఇంట్లో ఆ మాత్రం వెసులుబాటు ఉంది. బిస్కెట్ల దగ్గర మాత్రం రోజూ పేచీయే.

అసలు చిక్కు గిర్ని దగ్గర వస్తున్నది. మా జొన్నలకు ముందు ఎవరో ఒకరు గోధుమలు పట్టించుకొని ఉంటారు కనుక, రాళ్ల మధ్య, పిండి జారే గుడ్డ గొట్టంలో ఆ పిండి అంటుకొనే ఉంటుంది. ముందుగా కాసిన్ని బియ్యం పట్టించి, ఆ పిండిని పక్కన పెడితే సరిపోతుందని గిర్ని ఆయన అంటున్నాడు గానీ, గ్లూటెన్ రహిత ఆహారంలో గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదని మన ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నప్పుడు ఆ మాట మీద ధైర్యం చాలడం లేదు. ఇంట్లో చిన్న పిండిమర వాడుతున్నవారు, అందులో జొన్నలు రొట్టె విరగకుండా వచ్చేంత మెత్తగా పడతాయో లేదో దయచేసి తెలుపగలరు.

డబ్బా ఇంగువలో చాలావాటికి గోధుమపిండి లేదా మైదా కలుపుతున్నారు. బియ్యప్పిండితో చేసిన ఇంగువ మహబూబ్‌నగర్‌లో ఎక్కడైనా దొరుకుతుందా? పెళ్లిళ్లలో పూరీలు కాల్చిన నూనెలోనే గారెలు వేస్తారు కదా, అటువంటి చోట్ల పిల్లలకు మీరు ఏం పెడుతున్నారు?