సెషన్ మధ్యలో అద్దం వెనుక నుంచి సూపర్‌వైజర్ ఫోన్ చేయవచ్చా?

తెనాలి_వాసి (చర్చ ప్రారంభించినవారు):
అందరికీ నమస్కారం. అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచే దాంపత్య, కుటుంబ థెరపీ క్లినిక్‌లో నేను సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. మాస్టర్స్ చదివే ట్రెయినీలు ఇక్కడ నిజమైన దంపతులకూ కుటుంబాలకూ థెరపీ చేస్తూ వృత్తి నేర్చుకుంటారు. ఫీజు తక్కువ కాబట్టి, ప్రైవేటు థెరపిస్టు దగ్గరకు వెళ్లే స్తోమత లేనివారే ఎక్కువగా వస్తారు. ప్రతి గదికీ ఒకవైపు నుంచే కనిపించే అద్దం ఉంటుంది. దాని వెనుక నేనూ మిగతా ట్రెయినీలూ కూర్చుని సెషన్ చూస్తాము. అవసరమనిపించినప్పుడు గదిలోని ఫోన్‌కు కాల్ చేసి ట్రెయినీకి ఒకటి రెండు వాక్యాల్లో సూచన ఇస్తాను.

ఆ ఫోన్ తీసేయాలనీ, వీడియో రికార్డింగు చూసి తర్వాత మాట్లాడుకుంటే సరిపోతుందనీ ఈ సెమిస్టరులో కొందరు ట్రెయినీలు కోరారు. నేను ఒప్పుకోవడం లేదు. ఒక్కరికి చేసే కౌన్సెలింగులో తప్పటడుగు పడితే వచ్చే వారం సరిదిద్దుకునే వీలు చాలాసార్లు ఉంటుంది. దంపతుల సెషన్‌లో అలా కుదరదు. భర్త గొంతు పెంచిన కొద్దీ భార్య మౌనంలోకి వెళ్లిపోతుంది, ట్రెయినీ తనకు తెలియకుండానే ఎక్కువగా మాట్లాడుతున్న మనిషి వైపు తిరిగి కూర్చుంటారు, కాసేపటికే గదిలో ఇద్దరు ఒక పక్షం, ఒకరు ఒక పక్షం అయిపోతారు. నాలుగు రోజుల తర్వాత ఆ రికార్డింగు చూసి నేను చేసేదేముంది? ఆ దంపతులు ఆ సాయంత్రమే ఒకే కారులో ఒకే ఇంటికి వెళ్లిపోయారు కదా! ఈ రంగంలో ఉన్నవారూ లేనివారూ మీ అభిప్రాయం చెప్పాలని కోరుతున్నాను.

వంశధార:
మీ పద్ధతిలోనే శిక్షణ పొంది వచ్చినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ ఫోన్ తీసేయాలి.

నేను ట్రెయినీగా ఉన్నప్పుడు ఒక తెలుగు కుటుంబం వచ్చింది. కొడుకు, కోడలు, ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన అత్తమామలు. పెద్దవాళ్లను థెరపీకి ఒప్పించి తీసుకురావడం ఎంత కష్టమో ఇక్కడున్న అందరికీ తెలుసు. వాళ్ల సమ్మతితో సెషన్ తెలుగులోనే నడిపాను. ఎవరైనా కారులో తీసుకెళ్తే తప్ప గడప దాటలేని దేశంలో పగలంతా ఒంటరిగా ఎలా గడుస్తోందో అత్తగారు మొదటిసారి నోరు తెరిచి చెబుతున్నారు. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. తెలుగు రాని మా సూపర్‌వైజరు కోడలి ముఖం చూసి, ఆమెను ఎవరూ మాట్లాడనివ్వడం లేదని అనుకున్నారు. కోడలిని నేరుగా అత్తగారితో మాట్లాడమని అడగాలని నాకు చెప్పారు. నేను అలాగే అడిగాను. ఆ తర్వాత అత్తగారు పెదవి విప్పలేదు. మామగారు మాత్రం, "ఫోన్‌లో ఉన్నది మీ పెద్ద డాక్టరా అమ్మా? అయితే మేము ఆయనతోనే మాట్లాడతాము" అన్నారు. ఆ కుటుంబం మళ్లీ రాలేదు.

కృష్ణాతీరం:
ఇలాంటి క్లినిక్‌లు మన దగ్గర ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఉండాలి. ఫోన్ ఉన్నా లేకపోయినా సరే.

తెనాలి_వాసి:
వంశధార గారూ, మీరు చెప్పినది ఫోన్ వల్ల వచ్చిన సమస్య కాదు, సూపర్‌వైజరుకు భాష తెలియకపోవడం వల్ల వచ్చిన సమస్య. నాకు తెలుగు వచ్చు. పైగా నేను ఒక్క సెషన్‌లో రెండు సార్లకు మించి ఫోన్ చేయను, కాల్ ముప్పై సెకన్లు దాటనివ్వను. ప్రత్యక్ష పర్యవేక్షణ నా సొంత ఆలోచన కూడా కాదు. 1960ల చివరి నుంచే ఫిలడెల్ఫియా చైల్డ్ గైడెన్స్ క్లినిక్‌లో సాల్వడోర్ మినూచిన్, జే హేలీ, బ్రౌలియో మోంటాల్వో వంటి కుటుంబ థెరపిస్టులు అద్దం వెనుక కూర్చుని శిక్షణ ఇచ్చారు. ట్రెయినీ వచ్చి చెప్పే కథ విని సలహా ఇవ్వడం చాలదని వాళ్లు గ్రహించారు, ఎందుకంటే తాను గమనించని విషయాన్ని ట్రెయినీ చెప్పలేరు. నేటికీ ఈ వృత్తి కోర్సులకు గుర్తింపు ఇచ్చే అమెరికన్ సంస్థ ఒక్కో ట్రెయినీకి 100 గంటల సూపర్‌విజన్ (సూపర్‌వైజరు పర్యవేక్షణ) కోరుతూ, అందులో కనీసం సగం సెషన్‌ను నేరుగానో రికార్డింగులోనో చూసి, విని చేసినది అయి ఉండాలంటుంది.

వంశధార:
"నేరుగానో రికార్డింగులోనో" అని మీరే రాశారు. అంటే రికార్డింగు చాలునని ఆ సంస్థే ఒప్పుకున్నట్లు కదా? ఫోన్ తప్పనిసరి అని ఏ నియమంలో ఉందో చూపించండి.

తెనాలి_వాసి:
తప్పనిసరి అని నేను ఎక్కడా అనలేదు. మంచిదని అన్నాను.

బెంగళూరు_పాతవిద్యార్థి:
మీరిద్దరూ ఫోన్ దగ్గరే ఆగిపోయారు కాబట్టి మన దేశం సంగతి కొంచెం చెబుతాను. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో కుటుంబ మనోవైద్య కేంద్రం 1977 నుంచి ఉంది. నేను సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో (మానసిక రోగులకూ వారి కుటుంబాలకూ తోడ్పడే సామాజిక సేవా రంగం) ఎం.ఫిల్. చేసినవాణ్ని. మన దగ్గర దంపతుల సెషన్ అంటే ఇద్దరే వస్తారని చెప్పలేము. అమ్మాయి తరఫున అన్నయ్య, అబ్బాయి తరఫున మేనమామ, ఊళ్లో పంచాయితీ చేసిన పెద్దమనిషి కూడా వచ్చి కూర్చుంటారు. అంతమంది మధ్య ఇరవై నాలుగేళ్ల ట్రెయినీ ఒక్కరే ఉంటే, వయసులో పెద్దవారు ఆ సెషన్‌ను తమ చేతిలోకి తీసుకుంటారు. అటువంటప్పుడు ఫోన్ కంటే సీనియర్ థెరపిస్టు కో-థెరపిస్టుగా గదిలోనే పక్కన కూర్చోవడం మేలని నా అభిప్రాయం. కుటుంబానికి ఆ మనిషి కనిపిస్తారు, ఆయన మాట అందరి ముందూ వినిపిస్తుంది, ఎక్కడి నుంచో వచ్చిన ఆజ్ఞలా అనిపించదు.

నార్వేలోని ట్రోమ్‌సోలో మనోవైద్యుడు టామ్ ఆండర్సన్ బృందం 1985లో ఇంకో అడుగు వేసింది. అద్దం వెనుక గదిలో లైట్లు వేసి, అక్కడి మాటలు కుటుంబానికి వినిపించేలా మైకు మార్చి, తమ గురించి నిపుణులు ఏమనుకుంటున్నారో కుటుంబమే విని, దాని మీద తిరిగి మాట్లాడే వీలు కల్పించింది. అద్దాన్ని అలా కూడా వాడవచ్చు.

రెండో_కుర్చీ:
నేను థెరపిస్టును కాను. నేనూ నా భర్తా ఒక విశ్వవిద్యాలయ క్లినిక్‌కు వెళ్లాము. సమ్మతి పత్రంలో అద్దం సంగతీ, వీడియో సంగతీ రాసి ఉన్నాయి, సంతకాలు పెట్టాము. ఫోన్ మోగినప్పుడల్లా నాకు ధైర్యంగా ఉండేది, ఎందుకంటే మా ఎదురుగా ఉన్న అమ్మాయి చాలా చిన్నది, అనుభవం ఉన్నవారెవరో చూస్తున్నారన్న నమ్మకం కలిగేది. నా భర్త మాత్రం ఆ అమ్మాయితో మాట్లాడడం మానేసి అద్దంతో మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ వెనుక ఎవరున్నారో ఒక్కసారి చూపించమని ఆయన అడిగినా ఎవరూ చూపించలేదు. ఈ చర్చలో ఇప్పటిదాకా క్లయింటును ఎవరూ ఏమీ అడగనేలేదు.

వంశధార:
నేను చెబుతున్నది ఇదే. ఫోన్ మోగిన క్షణం నుంచి ఆ గదిలో ట్రెయినీకి విలువ ఉండదు. తెనాలి_వాసి గారూ, మీకు తెలుగు వచ్చు, సరే. రేపు మీ క్లినిక్‌కు మీకు రాని భాష మాట్లాడే కుటుంబమూ, ఆ భాష వచ్చిన ట్రెయినీ వస్తే ఏం చేస్తారు? ముఖాలు చూసి ఫోన్ చేస్తారా? ముప్పై సెకన్ల కాల్ అంటున్నారు. ఒక పెద్దావిడ ఏళ్ల తరబడి దాచుకున్న మాట ఆగిపోవడానికి ముప్పై సెకన్లు ఎక్కువే.

తెనాలి_వాసి:
అమ్మా, ఒక్క కుటుంబం తిరిగి రాలేదన్న కోపంతో మీరు ఒక పద్ధతి మొత్తాన్ని తీసిపారేస్తున్నారు. మీ బాధ ఆ అత్తగారి మాట ఆగిపోయినందుకా, మామగారి ముందు మీ పరువు తగ్గినందుకా? ట్రెయినీ గౌరవం కాపాడడానికి క్లినిక్ నడపడం లేదు.

ఇక్కడ జరిగినది ఒకటి చెబుతాను. ఒక సెషన్‌లో భర్త మాట్లాడుతున్నప్పుడల్లా భార్య తన చొక్కా చేతిని మణికట్టు మీదికి లాక్కుంటోంది. ట్రెయినీ గమనించలేదు, చక్కగా సంభాషణ నైపుణ్యాలు నేర్పుతున్నారు. ఉమ్మడి సెషన్ ఆపి ఇద్దరినీ విడివిడిగా చూడమని ఫోన్‌లో చెప్పాను. ఇంట్లో కొడుతున్న మనిషి పక్కన కూర్చోబెట్టి నిజం చెప్పమని అడిగితే, ఆ నిజానికి ఆమె ఆ రాత్రే మూల్యం చెల్లించాల్సి వస్తుంది. రికార్డింగు కోసం ఆగమంటారా? ట్రెయినీ చేసిన ప్రతి పనికీ జవాబుదారీ నా లైసెన్సు.

నిర్వాహకులు:
వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. విషయం మీదనే మాట్లాడండి.

వంశధార:
నా పరువు గురించి అడిగారు కాబట్టి అసలు విషయం చెబుతాను. మణికట్టు విషయంలో మీరు చేసినది సరైనదే, దానితో నాకు వాదన లేదు. నా ప్రశ్న వేరు. ఆ రోజు ఫోన్‌లో విన్న సూచన తప్పని నాకు అప్పుడే తెలుసు. తెలిసీ ఎందుకు పాటించాను? సెమిస్టరు చివర నా మూల్యాంకన పత్రం నింపేది ఆ ఫోన్ చేసిన మనిషే. ప్రాక్టికమ్‌లో, అంటే క్లినిక్‌లో చేసే ఈ శిక్షణలో ఫెయిలైతే కోర్సు ఆగుతుంది, కోర్సు ఆగితే ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థికి ఆ దేశంలో ఉండే ఆధారమే పోతుంది. గదిలో కూర్చుని, భాష తెలిసి, ఆ అత్తగారి గొంతులో వణుకు విన్నది నేను. నిర్ణయం మాత్రం వినలేని మనిషిది. మీరు దాన్ని సూచన అంటున్నారు. కాదనలేనప్పుడు అది సూచన ఎలా అవుతుంది?

బెంగళూరు_పాతవిద్యార్థి:
ఈ ప్రశ్న మొదటే వచ్చి ఉంటే బాగుండేది. తెనాలి_వాసి గారు పేర్కొన్న మోంటాల్వోనే 1973లో ప్రత్యక్ష పర్యవేక్షణ మీద రాసిన వ్యాసంలో దీన్ని పట్టించుకున్నారు. ఇద్దరూ ఎంతవరకు వెళ్లవచ్చో ముందే ఒప్పందం చేసుకోవాలనీ, సూపర్‌వైజరు తన స్వేచ్ఛను అడ్డుకుంటున్నారనిపిస్తే ట్రెయినీ ఆ మాట చెప్పాలనీ అందులో ఉంది. ఫిలడెల్ఫియా నుంచి అద్దాన్నీ ఫోన్‌నూ తెచ్చుకున్న క్లినిక్‌లు ఈ ఒప్పందాన్ని కూడా తెచ్చుకోవాల్సింది.

తెనాలి_వాసి:
వంశధార గారూ, పరువు మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ ప్రశ్నకు సూటిగా జవాబిస్తాను. మా మూల్యాంకన పత్రంలో "సూపర్‌విజన్‌ను స్వీకరించే తీరు" అనే అంశానికి మార్కులు ఉన్నాయి. కారణం చెప్పి సూచనను పక్కన పెట్టిన ట్రెయినీకి మార్కులు ఇచ్చే చోటు లేదు. కాల్స్‌ను రెండు రకాలుగా విడదీయాలని మా విభాగ సమావేశంలో ప్రతిపాదిస్తాను. హింస, ఆత్మహత్య ఆలోచన, పిల్లల భద్రత వంటి వాటిలో నా మాట ఆదేశం, గదిలో దాన్ని కాదనడానికి వీల్లేదు. మిగతావన్నీ సూచనలు, పాటించకపోతే సెషన్ తర్వాత కారణం చెబితే చాలు, మార్కులు తగ్గవు.

వంశధార:
ఏది ఏ రకమో కాల్ మొదట్లోనే చెప్పాలి, సెషన్ నోట్స్‌లో రాయాలి. రాయకపోతే తర్వాత ప్రతి సూచనా ఆదేశంగా మారిపోతుంది. భాష తెలియని సూపర్‌వైజరైతే, ఆదేశం తప్ప సూచన ఇచ్చే అధికారమే ఉండకూడదు. ఇక మార్కుల మీద వివాదం వస్తే, ఆ సెమిస్టరులో ఆ ట్రెయినీకి మార్కులు వేయని మరో అధ్యాపకులు రికార్డింగు చూసి తేల్చాలి.

తెనాలి_వాసి:
మొదటిది ఒప్పుకుంటాను. భాష విషయంలో, దుబాసీనో ఆ భాష వచ్చిన మరో ట్రెయినీనో అద్దం వెనుక కూర్చోబెట్టడం మేలు. చివరిది ఒప్పుకోను. ఆ గంటలో అద్దం వెనుక లేని మనిషి, ఆ క్షణంలో నేనెందుకు ఫోన్ ఎత్తానో రికార్డింగు చూసి చెప్పలేరు.

వంశధార:
రికార్డింగు చూసి చెప్పలేరని మీరు అంటే, మాకు సూపర్‌విజన్ చేయడానికి అదే రికార్డింగు ఎలా పనికివస్తోంది? దీనికి జవాబు వచ్చేదాకా నా మూడో షరతు వదులుకోను.