నాచు నిండిన చెరువులో బాస్ చేపకి ఏ లూర్ (నకిలీ ఎర)?

ప్రశ్న: క్రాంక్‌బెయిట్ (చేప ఆకారంలో ఉండే గట్టి లూర్) వేసిన ప్రతిసారీ నాచు ముద్దే వస్తోంది. నిన్న రెండు లూర్లు తెగిపోయాయి, చాలా బాధేసింది. 7 అడుగుల మీడియం రాడ్, 10 పౌండ్ల మోనో లైన్ (ఒకే పోగు నైలాన్ దారం) వాడుతున్నాను. ఏం మార్చాలి?

జవాబు: ముందు క్రాంక్‌బెయిట్‌కి ఉండే ఆ ట్రెబుల్ హుక్స్ (మూడు మొనల గాలాలు) మానేయండి. మెత్తటి ప్లాస్టిక్ వర్మ్‌ని (వానపాము లాంటి లూర్) టెక్సస్ రిగ్ పద్ధతిలో కట్టండి: 3/0 సైజు ఆఫ్‌సెట్ హుక్ (కాడ వంపు తిరిగిన గాలం), దాని ముందు పావు ఔన్సు బుల్లెట్ సింకర్ (తూటా ఆకారపు బరువు). హుక్ మొన వర్మ్‌లోనే దాగుతుంది, నాచు పెద్దగా తగులుకోదు. నాకు ఎక్కువగా వర్మ్ కిందికి దిగేటప్పుడే చేప పట్టింది. అందుకే లైన్ మీంచి చూపు తిప్పకండి. అది పక్కకి జరిగిందా, వదులు చుట్టేసి రాడ్ గట్టిగా ఎత్తండి.

ఇంకో జవాబు: నాచు నీటిపైనే పరుచుకుంటే మాత్రం బోలు కప్ప లూర్, హెవీ రాడ్, 50 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం) కావాలి. చేప కొట్టి నీళ్ళు చిమ్మగానే లాగొద్దు. చేప బరువు చేతికి తెలిశాకే లాగాలి. ఆ క్షణం ఆగడం అలవాటవడానికి నాకు ఒక సీజన్ పట్టింది.

ప్రశ్న అడిగినవారు: మాది నీటి అడుగు నాచే. రేపు వర్మ్‌తో వెళ్తాను.